కొట్లాడినోళ్ల ఇల్లు

“నల్లగా నింపినవి కొట్లాటలున్న వాళ్లండి. తెల్లగా వదిలినవి మామూలు వాళ్లు,” అని బిందుమాధవి ఎంతో మర్యాదగా చెప్పి, డాక్టరుగారు కోర్టు దగ్గరున్నారు, ఒక గంటలో వచ్చేస్తారు, కూర్చోండి అని లోపలికి పోయింది. పోతూ తలుపు మూయలేదు. మూసి ఉంటే బాగుండేది. ఆ గది గోడకున్న తెల్లబోర్డు మీద మా ఇల్లంతా ఉంది. మగవాళ్లు డబ్బాలు, ఆడవాళ్లు సున్నాలు. అన్నిటికన్నా పైన మా మామ అంతయ్య నల్ల డబ్బా, పక్కనే మా అత్త ముత్తమ్మ నల్ల సున్నా, వాళ్ల కింద నా మొగుడు సీతారాములు నల్ల డబ్బా, ఆయన కింద నా కొడుకు సాయికుమార్, నలుపు చాలదన్నట్టు వాడి చుట్టూ ఎర్ర గీత కూడా. తెల్లగా మిగిలింది నేనూ, నా పక్కన బెంచీ మీద కాళ్లూపుతూ కూర్చున్న నా బిడ్డ జ్యోతికా. మా ఇద్దరి నెత్తురూ ఇవాళ తీసుకుంటారు. నేను హయత్‌నగర్ డిపోలో కండక్టర్‌ని. రోజూ వందల మొహాలు చూస్తాను, ఎవడు టికెట్టు ఎగ్గొడతాడో వాడు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టగానే చెప్పేస్తానని డిపోలో గొప్పలు పోయినదాన్ని. సగం సార్లు తప్పేదాన్ని, ఆ సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు. చచ్చి మట్టిలో కలిసిన అత్తామామలు ఇలా బోర్డెక్కుతారని మాత్రం నాకు ఏ మొహంలోనూ కనిపించలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మీద ఇంకో కోచింగ్ సెంటర్ ఉంటుంది, దాని మీద హాస్టల్ ఉంటుంది, ఎక్కడైనా కాస్త జాగా మిగిలితే ఇలాంటి నెత్తురు పరీక్షల ఆఫీసు ఉంటుంది. కింద అంతస్తులో సారు మైకులో అరుస్తున్నాడు, ఎ అనేవాడు బి కి తండ్రి, బి కి సి చెల్లెలు, అయితే ఎ కి సి ఏమవుతుంది, పిల్లలంతా ఒక్క గొంతుతో కూతురు, కూతురు అంటున్నారు. బ్లడ్ రిలేషన్స్ అంటారట ఆ లెక్కల్ని, మెట్ల దగ్గర అంటించిన కాగితం చదివి జ్యోతికే చెప్పింది. అయిదో తరగతికే దానికి ఇంగ్లీషు నాకంటే బాగా వస్తుంది. బోర్డు వంక తదేకంగా చూస్తోంది. తండ్రి పేరు చదివింది, అన్న పేరు చదివింది. నన్నేమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంటూ నేను కిటికీలోంచి రోడ్డు మీదకు చూపు తిప్పుకున్నాను. మెహిదీపట్నం బస్సు చౌరస్తాలో ఇరుక్కుని హారన్ కొడుతోంది. తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మె ముగిసి బస్సులన్నీ రోడ్డెక్కాయి, బడులు తెరిచారు, బొగ్గు తవ్వుతున్నారు. నా కొడుకు ఒక్కడే ఇంకా బాలనేరస్థుల హోమ్ లోపల ఉన్నాడు.

పోయిన వారం ఇదే బెంచీ మీద బిందుమాధవి నన్ను అడిగింది. మంచి పిల్లే, కొత్తపేటలో పుట్టి పెరిగిందట, అమ్మానాన్నలది గుంటూరు వైపు. మంచినీళ్లిచ్చింది, ఫ్యాను నా వైపు తిప్పింది. “మీ ఇంట్లో కొట్లాటలకు వెళ్లే మనుషులు ఎవరైనా ఉన్నారాండి?” అంది. మా వాడు చెడ్డ ఇంట పుట్టలేదని చెప్పుకునే సందు దొరికిందని నేను ముందుకు జరిగి కూర్చున్నాను. “ఎందుకు లేరు మేడం. మా ఇంట్ల అందరు కొట్లాడినోళ్లే. మా మామ కొట్లాడిండు, మా అత్త కొట్లాడింది, మా ఆయనైతే సచ్చేదాక కొట్లాడిండు.” ఆమె కళ్లు పెద్దవయ్యాయి. “చిన్నప్పటి నుంచీనా అండి?” “పుట్టుకతోనే. మా నెత్తుర్లనే ఉన్నది మేడం అది,” అన్నాను, అని నవ్వాను కూడా. ఆమె నవ్వకుండా రాసుకుంది. ఇంత శ్రద్ధగా వింటున్నదే అని సంబరపడ్డాను, పిచ్చిదాన్ని. ఇంకా ఎక్కువ చెప్పాను. ఇంటికి పోతూ బస్సులో కూర్చుని, మా మామ సంగతి ఇంకాస్త బాగా చెప్పాల్సింది అనుకున్నాను.

మా వైపు కొట్లాడటమంటే అడగడం. నీళ్లకు కొట్లాడతారు, కూలికి కొట్లాడతారు, పింఛనుకు కొట్లాడతారు, బిడ్డను బడిలో చేర్చుకోకుంటే పంతులుతో కొట్లాడతారు. ఈ రెండేళ్లలో మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా ఏ గోడ చూసినా కొట్లాడి సాధించుకుందామనే రాసి ఉంది, ఈ పిల్ల ఆ గోడల పక్కనుంచే రోజూ ఆఫీసుకు వస్తుంది. వాళ్లింట్లో కొట్లాట అంటే చొక్కాలు పట్టుకోవడం, తలలు పగలగొట్టుకోవడం. ఆమె తప్పేముంది, ఆమె తన మాట అడిగింది, నేను నా మాట చెప్పాను, మధ్యలో మా మామ నల్లబడిపోయాడు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరగా ఉండేది, అన్నం ఎడమచేత్తో తినేవాడు. దొర పొలానికి వెట్టికి రానన్నందుకు గడీలో పడేసి విరగ్గొట్టారు. ఆయన ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టలేదు. రాను అన్నాడు, అంతే, కొట్టినా రాను అన్నాడు. మా అత్త ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని సారా దుకాణం ముందు కూర్చుంది, దుకాణంవాడు మూసి పోయేదాకా లేవలేదు. నా మొగుడు, ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయి నడవలేని మనుషుల్ని ఎడ్లబండ్ల మీద ఎక్కించుకుని మంచినీళ్లివ్వండని నల్లగొండ కలెక్టరాఫీసు చుట్టూ తిరిగాడు, తిరిగి తిరిగి పచ్చకామెర్లు ముదిరి పోయాడు. ఈ ముగ్గురూ నల్లవాళ్లు. మరి మా మామ చెయ్యి విరగ్గొట్టినవాళ్లు ఏ బోర్డు మీద ఉన్నారు, వాళ్ల మనవలు బంజారాహిల్స్‌లో ఎక్కడో ఉంటారు కదా, వాళ్లింటికి సూది పట్టుకుని ఎవరైనా పోయారా అని ఎవరినైనా అడగాలనిపించింది. బెంచీ మీద జ్యోతిక తప్ప ఎవరూ లేరు.

కడిగిన ముత్యంలాంటి కొడుకని నేను అనను. రాయి వాడే వేశాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె ఊరేగింపు, విజయవాడ పోయే ప్రైవేటు బస్సు, ముందు అద్దం పగిలి డ్రైవర్ సాంబమూర్తి ఎడమకన్ను పోయింది. ఎవరు వేశారో పోలీసులకు తెలియదు, గుంపులోంచి దొరికినవాళ్లను పట్టుకుపోయారు. అందరూ నేను కాదు నేను కాదు అంటుంటే మా వాడు నేనే అన్నాడు. హోమ్‌లో మొదటిసారి చూడటానికి పోయినప్పుడు మొహం గోడకు తిప్పుకుని నిలబడ్డాడు. “నేనే ఇసిరిన అమ్మ. మనిషిని జూసి ఇసర్లే. బస్సును జూసి ఇసిరిన.” నాకు ఒళ్లు మండిపోయింది. “బస్సుల మనుషులుండరార? మీయమ్మ ఎక్కడుంటదిరా పొద్దుమాపు? ఎన్ని రాళ్లు నా ముందర పడలే?” అన్నాను. వాడు ఏడ్చాడు. పదిహేడేళ్లవాడు, మీసం వచ్చినవాడు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. “గా డ్రైవర్ సారు దగ్గరికి నన్ను తీస్కపో అమ్మ. నేను చెప్తా,” అన్నాడు. ఏం చెప్తావురా అంటే తెలియదన్నాడు.

వాణ్ణి తీసుకుపోయే దారి లేక ఆస్పత్రికి నేనే పోయాను. ఒక తోటి డ్రైవర్ భార్యలా పోదామనుకున్నాను, మంచం దగ్గరకు వెళ్లేసరికి ఆ అబద్ధం నోట రాలేదు, నేను ఆ పిలగాని తల్లిని అన్నాను. సాంబమూర్తి కట్టు లేని కంటితో నన్ను చూశాడు. తిడతాడని సిద్ధపడ్డాను, తిడితే తేలికయ్యేది. “మీ అబ్బాయి నన్ను చూశాడా అమ్మా?” అని అడిగాడు. “నేను వాణ్ణి చూశాను. రాయి ఎత్తినప్పుడు నవ్వుతున్నాడు. ఆ నవ్వే నాకు అర్థం కావట్లేదు. ఎందుకు కొట్టాడో అడిగి చెప్పండి, నాకు వేరే ఏం అక్కర్లేదు.” ఆయన భార్య వెనక్కి తిరిగి గిన్నెలు సర్దుకుంటోంది, నా వంక చూడలేదు. ఎందుకు అన్న ఆ ప్రశ్న అప్పట్నుంచి నా వెంట తిరుగుతోంది. ఏ స్టాపులో దింపుదామన్నా దిగడం లేదు. ఇప్పుడు ఈ డాక్టరు కాగితం మీద రాసిస్తాడు, ఎందుకంటే వాడి నెత్తుట్లో ఉంది కాబట్టి అని. ఆ కాగితం పట్టుకుని నేను సాంబమూర్తి దగ్గరకు పోవాలా, అయ్యా నీ కన్ను తీసింది నా కొడుకు కాదట, మా మామ ముత్తాతల నెత్తురట అని చెప్పాలా. దానికి ఆయన ఒక్క కంటితో నన్ను ఎలా చూస్తాడో ఇక్కడ కూర్చునే నాకు కనిపిస్తోంది.

వకీలు రామస్వామి మాత్రం మొదటినుంచీ ఒకే మాట మీద ఉన్నాడు. మా నకిరేకల్ వైపు మనిషి, మా వాడి మీద నిజంగా పావురం, ప్రేమ ఉన్నవాడు. “అండాలక్కా, పిలగాడు ఒప్పుకున్నడు గద, ఇగ మనకు మిగిలింది గిదొక్కటే తొవ్వ. గుణం నెత్తుర్లనే ఉన్నదని డాక్టర్ రాసిస్తె పిల్లల కోర్టు బోర్డోళ్లు జర మెత్తబడ్తరు. వాడు చేసిండు అన్నట్టు గాదు, వానితోని అట్ల అయిపోయింది అన్నట్టు. మందులిప్పిస్త అని నువ్వు సంతకం పెట్టి ఇంటికి తోల్కపోవచ్చు. లేకుంటె మూడేండ్లు ఆడనే.” మూడేళ్లు. వాడు వచ్చేసరికి గడ్డం గీసుకునేవాడై ఉంటాడు, లోపల ఎవరితో తిరిగి ఉంటాడో, ఏం నేర్చుకుని ఉంటాడో. ఇంటికి రావడం కంటే ఏం కావాలి తల్లికి. అందుకే హోమ్‌లో వాడి నెత్తురు తీసుకోవడానికి సరేనన్నాను, అందుకే ఇవాళ డ్యూటీ మార్పించుకుని, దాని బడి మాన్పించి జ్యోతికను కూడా తెచ్చాను. ఒక్క కొడుకు నెత్తురు చాలదట, తల్లిదీ తోడబుట్టినదానిదీ కలిపితేనే సంగతి తేలుతుందట. షుగర్ జబ్బు లాంటిదేనమ్మా, ముందే తెలిస్తే ముందే జాగ్రత్త పడొచ్చు అని డాక్టర్ ప్రసన్నకుమార్ ఫోన్లో ఎంతో నెమ్మదిగా చెప్పాడు. షుగర్ ఉన్నవాణ్ణి చూసి ఎవరూ తలుపు వేసుకోరు కదా అనే మాట నాకు అప్పుడు తట్టలేదు.

అసలు ఘోరం ఏమిటంటే, కూర్చున్న కొద్దీ నేను కూడా వెతకడం మొదలుపెట్టాను. పాలు తాగేటప్పుడు సాయి కొరికేవాడు. ఏ పిల్లవాడు కొరకడు, కానీ వీడు కొరికి నవ్వేవాడు, ఆ నవ్వేనా సాంబమూర్తి చూసింది. అల్మాస్‌గూడలో కిరాయికున్నప్పుడు గోడ మీది పిల్లిని రాయి పెట్టి కొట్టాడు. ఆ పిల్లికే తర్వాత నాలుగు రోజులు పాలు పోశాడు కదా, అది ఎందుకు ముందు గుర్తుకు రాలేదు నాకు. తండ్రి పోయిన రోజు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు, రాయిలా కూర్చున్నాడు. రాత్రి నా కాళ్ల దగ్గర పడుకుని నా చీరకొంగు వేలికి చుట్టుకున్నాడు. బత్తాయిల బండి ముసలాయనకు మార్కెట్ దాకా బండి తోసిపెట్టేవాడు. ఇవన్నీ ఒక వైపు పెట్టి అవన్నీ ఒక వైపు పెట్టి తూకం వేస్తున్నాను, కన్నకొడుకును. తర్వాత చూపు జ్యోతిక మీదికి పోయింది. పోయిన నెల బడిలో పక్కపిల్లను గిచ్చిందని టీచర్ పిలిపించింది. గిచ్చుడు, మొండితనం, అన్నం దగ్గర పేచీ. నా బిడ్డను నేను దొంగచూపు చూస్తున్నానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది. ఇవాళ ఈ సూది గుచ్చితే రేపు బడివాళ్లు చూస్తారు ఇలా, ఎల్లుండి పెళ్లి సంబంధంవాళ్లు చూస్తారు, కాలనీలో ఎవరి సైకిలు పోయినా ముందు మా గుమ్మం వంక చూస్తారు. అందరికంటే ముందు నేనే మొదలుపెట్టాను. మరి తాగి మీద పడ్డవాడి చెంప నడిబస్సులో పగలగొట్టిన నా సంగతేమిటి, ఆ రోజు ప్రయాణికులు చప్పట్లు కొట్టారు, బోర్డు మీద నాకింకా తెల్ల సున్నాయే ఉంది.

డాక్టర్ ప్రసన్నకుమార్ రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, ఆలస్యమైందమ్మా, ట్రాఫిక్కు అని నొచ్చుకుని లోపలికి పిలిచాడు. మొహం దయగల మొహం, అదే నన్ను ఇంకా భయపెట్టింది. బిందుమాధవి దూది, సూది సర్దుతోంది. జ్యోతికను పక్కన కూర్చోబెట్టుకుని నేను మొదలుపెట్టాను. “సార్, మేడం అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. కొట్లాడుడంటె మా దిక్కు కొట్టుకునుడు గాదు సార్. అడుగుడు. మా మామ ఎవ్వరి మీద చెయ్యెత్తలే, ఆయన చెయ్యే ఇరగ్గొట్టిన్రు. మా ఇంట్లోళ్లవి నల్లయి తుడిచెయ్యాలె.”

ఆయన అడ్డు రాకుండా విన్నాడు. బిందుమాధవి చేతిలో దూది ఆగిపోయింది. “నేను తప్పుగా రాసుకున్నానేమో సార్,” అంది మెల్లగా.

“పరవాలేదమ్మా,” అన్నాడు ఆయన. “మాట తేడా వచ్చి ఉండొచ్చు. కానీ మూడు తరాల నుంచీ ఎవరో ఒకరికి ఎదురు తిరుగుతూనే ఉన్నారు కదా. మేం చూసేది ఆ ఎదురు తిరిగే గుణాన్నే. అది మీ మామగారిలో ఒకలా బయటపడింది, మీ అబ్బాయిలో ఇంకోలా బయటపడింది. నేను మీ శత్రువును కాను, ఆ పిల్లాణ్ణి ఇంటికి పంపాలనే చూస్తున్నాను.”

నా గొంతు మామూలు గొంతు కాదు. నిండు బస్సులో వెనక మెట్టు మీదున్నవాడికి కూడా వినపడే గొంతు. అది లోపలినుంచి లేస్తోంది, బల్ల మీద చెయ్యి చరచబోతోంది, అప్పుడే ఆయన చేతిలో మూత తీసిన పెన్ను కనిపించింది. నేను అరిస్తే అదీ రాసుకుంటాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఇన్నేళ్లలో ఏ అధికారి ముందూ మాట్లాడనంత చిన్నగా మాట్లాడాను. “నెత్తురు ఇయ్య సార్. నాది ఇయ్య, నా బిడ్డది ఇయ్య. రాయి వాడు ఇసిరిండు. ఎందుకు ఇసిరిండో వాడే చెప్పుకుంటడు గా డ్రైవర్ సారుకు. మూడేండ్లయినా సరె.” వాడి మూడేళ్లు నేను ఇచ్చేశాను, వాణ్ణి అడగకుండానే.

“ఆవేశంలో నిర్ణయం తీసుకోకండి,” అన్నాడు డాక్టరు. “సరే, మీ ఇష్టం. కానీ పాపను మాత్రం కనిపెట్టుకుని ఉండండమ్మా. మొండితనం, కోపం, ఎదురు మాట్లాడటం, ఇలాంటివేమైనా కనిపిస్తే…”

జ్యోతిక లేచి నిలబడింది. “మా అమ్మ చెప్తుంది గద, ఎందుకు ఇంటలేరు మీరు?” అంది. గది మారుమోగింది. అచ్చం నా గొంతు. “మా అన్న మీకు ఎర్కనా? మా నాయిన ఎర్కనా? ఎర్క లేకుంట ఎట్ల రాస్తరు మీరు?”

డాక్టరుకు కోపం రాలేదు. శ్రద్ధగా చూశాడు దాన్ని, అంతే, బిందుమాధవి పోయిన వారం నా మాటలు విన్నంత శ్రద్ధగా. పెన్ను పట్టుకున్న చెయ్యి కాగితం మీదికి కదిలింది. నేను ఎప్పుడు లేచానో, ఎప్పుడు దాన్ని దగ్గరకు లాక్కున్నానో తెలియదు, నా అరచెయ్యి దాని నోటి మీద ఉంది, దాని పళ్లు నాకు తగులుతున్నాయి.

“కొట్లాడకు బిడ్డా,” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అంతయ్య మనవరాలితో, సీతారాములు బిడ్డతో, నేను అన్నాను. ఆ ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఎవరూ ఎవరితోనూ అనలేదు. డాక్టరు రాసుకునే అర్థంలోనే అన్నాను. చెయ్యి కాలినట్టు తీసేశాను. వంగి దాని భుజాలు పట్టుకున్నాను. “చెప్పు బిడ్డా. నువ్వు ఏం అనాల్ననుకున్నవో అను. గట్టిగ అను. ఎవ్వలేం రాసుకుంటరో రాసుకోనీ, నేనున్న,” అన్నాను.

జ్యోతిక నా మొహం చూసింది, డాక్టరు చేతిలో పెన్ను చూసింది. బిందుమాధవి తల వంచుకుంది. కింద సారు ఇంకో లెక్క మొదలుపెట్టాడు.

“ఏం లేదమ్మా,” అంది. అది అంత మెల్లగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.